మడవని విస్తరి

పన్నెండున్నరకి ఈశ్వరరావు హోటల్లో కుర్చీ దొరకాలంటే తింటున్నవాడి వెనకాల నిలబడాల్సిందే. వాడు పప్పులో ఉన్నాడా, చారులోకి వచ్చాడా అని భుజం మీంచి తొంగి చూస్తూ, వాడి మెడ మీద ఊపిరి వదుల్తూ కాచుకోవాలి. కాశీబుగ్గ బస్సు కాంప్లెక్సుకి ఎదురుగా ఉంది ఆ హోటల్. జీడిపప్పు ఫ్యాక్టరీల గుమస్తాలు, పలాసలో రైలు దిగి బస్సెక్కేవాళ్ళు, పెళ్ళిబట్టలు కొనడానికొచ్చిన పల్లెటూళ్ళవాళ్ళు, అందరికీ ఒక్కసారే ఆకలేస్తుంది. అదేం చిత్రమో, పదకొండున్నరకి ఒక్కడికీ వెయ్యదు.

హాల్లో తొమ్మిది బల్లలుంటే నాలుగింటి వడ్డన అప్పలసూరిది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మనిషి బక్కపలచన, చెయ్యి మాత్రం మహా నిదానం. నిండుగా ఉన్న సాంబారు బకెట్ పట్టుకుని జనం మధ్య నుంచి నడిస్తే ఎవడి చొక్కా మీదా ఒక్క చుక్క పడదు. అతనికో గొప్ప కూడా ఉంది. ఇన్నేళ్ళలో విస్తరి ముందు కూర్చున్న మనిషిని ఒక్కణ్ణి కూడా లేవమనలేదు. విస్తరి మడిచేదాకా ఆ కుర్చీ తింటున్నవాడిదే. కలెక్టరొచ్చి వెనకాల నిలబడినా అంతే. ఇది ఏ బోర్డు మీదా రాసి లేదు. అన్నం ముందు నుంచి మనిషిని లేపితే ఏడు జన్మలు అన్నం పుట్టదని వాళ్ళమ్మ చెప్పింది, సూరికి అది చాలు.

అలాగని బల్లలు ఖాళీ చేయించడం చేతకానివాడేం కాదు. సాంబారు దగ్గరే సాగదీస్తూ ఫోన్లో కబుర్లాడేవాడి పక్కకి మజ్జిగ బకెట్‌తో వెళ్ళి, "మజ్జిగ పొయ్యమంటారా బాబూ" అని మెత్తగా అడుగుతాడు. మర్యాదకి మర్యాద, పొమ్మనడానికి పొమ్మనడం. అర్థమైనవాడు నాలుగు ముద్దల్లో లేచిపోతాడు.

ఆ ఇద్దరి దగ్గరే ఈ విద్య పారలేదు.

మూడు వారాలుగా వస్తున్నారు వాళ్ళు. సోమవారం, గురువారం. జనం ఇంకా రాకముందు, పన్నెండుంపావుకే వచ్చి మూల ఫ్యాను కింద ఉన్న ఇద్దరి బల్ల పట్టేస్తారు. ఆవిడకి యాభై దాటుంటాయి, చేతిలో గుడ్డసంచీ. ఆయన ఇంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసి మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుంటాడు. వచ్చిన దగ్గర్నుంచి గోడకి తల ఆన్చి కళ్ళు మూసుకుంటాడు.

"ఒక భోజనం ఎయ్యి బాబూ" అంటుంది ఆవిడ.

"ఆయనకో?"

"ఆకలి నేదట."

ఒక భోజనం, రెండు కుర్చీలు, గంటన్నర. ఆవిడ తినే తీరు చూస్తే సూరికి ఒళ్ళు మండేది. గుప్పెడన్నం పప్పుతో కలుపుతుంది. ముద్ద చేస్తుంది. మళ్ళీ విప్పేస్తుంది. మళ్ళీ కలుపుతుంది. గోడ మీద గడియారం చూస్తుంది. అప్పుడు నోట్లో పెట్టుకుంటుంది. మజ్జిగ పొయ్యమంటారా అమ్మా అంటే, "ఇంకా పప్పులోనే ఉన్నాను కదేటి" అంటుంది నెమ్మదిగా. బల్ల కింద నుంచి మొగుడికి ముద్దలు అందిస్తోందేమోనని రెండుసార్లు వంగి కూడా చూశాడు సూరి. అదీ లేదు. ఆయన నిజంగానే ఏమీ తినడు. మంచినీళ్ళ గ్లాసు ముందు పెడితే కూడా దాన్ని అవతలికి జరిపేస్తాడు, అదేదో పగవాడు పంపినట్టు.

ఆ గురువారం రద్దీ మరీ ఎక్కువ. ముహూర్తాల రోజులు. ఈశ్వరరావు కౌంటర్ లోంచి వేలితో పిలిచాడు.

"సూరీ, ఆ మూల బల్ల ఏటి కథ? మనది హోటలేటి, సత్రవేటి?"

"తింటన్నాది బాబూ ఆవిడ."

"గంట నుంచీ తింటన్నాది. నా పెళ్ళిలో కూడా ఎవులూ అంతసేపు తినలేదు. అక్కడ జీడి షావుకారు ఇంకో మనిషితో నిలబడున్నాడు, నెలకి నాలుగుసార్లు వచ్చే మనిషి. ఎల్లిపోతే మరి వత్తాడా?" గోడకేసి చెయ్యి చూపించాడు. కొత్త బోర్డు. పొద్దున్నే తగిలించింది, రంగు ఇంకా వాసనొస్తోంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు కూర్చున్న ప్రతివారూ భోజనం తీసుకోవలెను. ఒక భోజనంపై ఇద్దరు కూర్చొనరాదు.

"నువ్వు లేపుతావా, నన్ను లేపమంటావా?" అన్నాడు ఈశ్వరరావు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈశ్వరరావు వెళ్తే బోర్డు చూపించి అరుస్తాడు, హాలంతా తలలు తిప్పి చూస్తుంది. ఆ మాట వాళ్ళకి పడకుండా ఉండాలంటే తనే ఏదో ఒకటి చెయ్యాలి. సూరి మజ్జిగ బకెట్ తీసుకున్నాడు. ఈసారి అడగలేదు. ఆవిడ పప్పన్నం ముద్ద విప్పుతుండగా, ఆ అన్నం మీదే రెండు గరిటెలు మజ్జిగ పోసేశాడు.

పప్పు, మజ్జిగ కలిసి పచ్చగా విస్తరంతా పారింది. ఆవిడ చెయ్యి అందులోనే ఆగిపోయింది. తలెత్తి సూరిని చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"అలాగే బాబూ" అంది. అన్నం ఉండగానే విస్తరి మడిచేసింది. "నెగు మావా."

ఆయన బల్ల పట్టుకుని లేచాడు. షావుకారూ, వెంటొచ్చినవాడూ ఆయన పూర్తిగా లేవకముందే కుర్చీలు లాగేసుకున్నారు.

ఎంగిలి విస్తళ్ళ తొట్టె బయట పెట్టడానికి వెళ్ళినప్పుడు సూరికి వాళ్ళు మళ్ళీ కనపడ్డారు. పక్కన మూసున్న చెప్పుల కొట్టు మెట్టు మీద, ఎర్రటెండలో. ఆయన ఆవిడ భుజం మీదకి వాలిపోయి ఉన్నాడు. ఆవిడ ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి కొంగుతో విసురుతోంది. మోచేతి దగ్గర దూది మీద రెండు పట్టీలు. వాటి కింద నరం వేలెడు లావున ఉబ్బి ఉంది.

కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఈ ప్రాంతంలో ఆ చెయ్యి ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో మిషన్ మీద రక్తం కడిగించుకునే చెయ్యి అది.

సూరి తొట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెళ్ళి లోపలికి రమ్మనాలా? లోపల కుర్చీ ఏది? క్షమించమనాలా? ఏమని? లోపల్నుంచి ఎవరో సాంబారు కోసం కేకేశారు. వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మూడింటికి పనివాళ్ళ భోజనాల దగ్గర అతనికి ముద్ద దిగలేదు. సిగ్గేసింది, చెప్పొద్దూ, ఈ వయసులో ఏడుపు కూడా వచ్చింది. విస్తరి ముందు నుంచి లేపనే లేపాడు. నోటితో అనకుండా గరిటెతో అన్నాడు, అంతే తేడా.

సోమవారం వాళ్ళు రారేమో అనుకున్నాడు. వచ్చారు. పన్నెండుంపావుకే, అదే బల్ల. ఆవిడ బోర్డు చదివినట్టుంది, ఈసారి "రెండు భోజనాలు బాబూ" అంది, సూరి మొహంలోకి చూడకుండా. "నేనీలోపు మందుల కొట్టుకి ఎల్లొస్తాను. మావా, కూకో, ఎక్కడికీ నెగకు."

ఆవిడ మెట్లు దిగడం చూసి సూరి గబగబా బయటికి పరిగెత్తాడు. మనసులో మూడు రోజులుగా ఒకటే ఉంది, ఏదో ఒకటి పెట్టాలి. తినలేడు సరే, తాగుతాడు కదా. జ్వరమొచ్చినా, వడదెబ్బ తగిలినా, కానుపయినా, కొబ్బరితోటల ఉద్దానంలో మనిషికి మనిషి ఇచ్చేది ఒకటే. కాంప్లెక్సు గేటు దగ్గర బండి మీద పెద్ద బొండాం ఏరి కొట్టించి, లోపలికి తెచ్చి పెద్ద స్టీలు గ్లాసు నిండా పోశాడు. అంచుకి మీగడలాంటి నురగ.

"తాగండి బాబూ. ఇది హోటల్ది కాదు, నాది. మొన్న తప్పయిపోనాది."

ఆయన కళ్ళు తెరిచి గ్లాసు చూశాడు. చాలాసేపు చూశాడు. గుమ్మం వైపు చూశాడు. మళ్ళీ గ్లాసు చూశాడు.

"ఏ ఊరి కాయి?" అన్నాడు. అన్నాళ్ళలో ఆయన గొంతు సూరి వినడం అదే.

"కవిటి కాయంట బాబూ."

"కాదు. కవిటి కాయికి ఇంత నురగ రాదు." గ్లాసు ఎత్తి వాసన చూశాడు. "ఇసక నేల కాయి. మా వేపుదే."

అప్పుడు తాగాడు. గటగటా కాదు. ఒక్కో గుక్క నోట్లో ఉంచుకుని, కళ్ళు మూసుకుని. గుక్కకీ గుక్కకీ మధ్య గొంతు కింద ఏదో కదులుతోంది. సూరికి కడుపు నిండినట్టయింది. హమ్మయ్య, ఒక పుణ్యం చేసుకున్నాననుకున్నాడు. ఆయన చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు సూరి చేతికి తనే అందించాడు.

"ఏగిరం తీసీ. మా ఆవిడి సూత్తే గొడవ."

సూరి నవ్వాడు. మొగుడూ పెళ్ళాల సంగతి కదా, ఊరికే ఇచ్చింది తీసుకున్నాడని ఆవిడకి కోపమొస్తుంది కాబోలు అనుకున్నాడు. గ్లాసు లోపల పెట్టి రెండు విస్తళ్ళు వేశాడు.

ఆవిడ వచ్చి కూర్చుంది. కూర్చుంటూనే ముక్కు ఎగబీల్చింది. మొగుడి మొహం చూసింది. మొగుడు గోడ చూశాడు.

"ఏటి తాగినావు?"



"కోప్పడకమ్మా" అన్నాడు సూరి. "నానే ఇచ్చేను. కొబ్బరి నీళ్ళు. డబ్బులేటీ వద్దు."

"ఎంత?"

"ఒక బొండాం."

"అంతా తాగీసినాడా?"

సూరికి ఆ గొంతు అర్థం కాలేదు. ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. అరవలేదు. చుట్టూ ఇంతమంది తింటుంటే వాళ్ళకి వినపడకుండా మాటాడింది, ఆ జాగ్రత్తకి సూరికి ఇంకా భయమేసింది.

"రోజుకి మూడు గలాసుల నీళ్ళు బాబూ ఈయనకి. మందులతో కలిపి మూడే. కొబ్బరి నీళ్ళయితే సుక్క కూడా తాగకూడదు. అందులో ఉన్నదేదో గుండె ఆపీస్తాదట. మాకు తొంబై సెట్లున్నాయి. మూడేళ్ళయి కాయి దింపిన రోజు ఈయన్ని గదిలో పెట్టి బయట గెడియ పెడతాను. తొంబై సెట్లకీ కాపలా కాసినాను. ఇక్కడ, హోటల్లో..." ఆపేసింది.

"నీళ్ళు బాగా తాగమని కదమ్మా అందరూ సెప్తారు" అన్నాడు సూరి. అతనికే వినిపించనంత నెమ్మదిగా.

"జబ్బు రాకముందు అలా సెప్తారు. వచ్చినాక ఇలా సెప్తారు."

ఆయన్ని రెక్క పట్టుకుని లేపింది. రెండు విస్తళ్ళూ అలాగే ఉన్నాయి. డబ్బు తీసి బల్ల మీద పెట్టింది, రెండు భోజనాలకీ సరిగ్గా. సూరి వద్దనబోయాడు. ఆయన గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, సూరికేసి చూసి తల ఊపాడు. బాగుంది అన్నట్టు.

అదే సూరిని చంపేసింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురొచ్చిందంటారు, ఇదే కాబోలు. కూర్చున్నవాణ్ణి లేపడం తప్పయింది. పోనీ పెడదామనుకుంటే పెట్టడం అంతకన్నా పెద్ద తప్పయింది. మరి ఏం చెయ్యాలి? ఇరవై రెండేళ్ళుగా తనకి తెలిసినవి ఆ రెండే పనులు, పెట్టడం, పెట్టాక బల్ల తుడవడం. మూడోది ఉందా అని రెండు రోజులు ఆలోచించాడు. చారు బకెట్‌తో వెళ్ళి సాంబారు అన్నాడు. పెరుగడిగినవాడికి అప్పడం వేశాడు. ఈశ్వరరావు "ఏటైంది సూరీ, బాలేదా?" అని అడిగాడు కూడా.

గురువారం మూల బల్ల ఖాళీగా ఉంది. పన్నెండున్నర, పావు తక్కువ ఒంటిగంట. వేరే వాళ్ళొచ్చి కూర్చున్నారు. సూరి వాళ్ళకి పప్పు వేస్తూ గుమ్మం చూశాడు, కూర వేస్తూ గుమ్మం చూశాడు. ఒంటిగంట నలభైకి ఇంక ఉండలేక, బకెట్ బల్ల మీద పెట్టేసి, మంచి రద్దీలో హాలు వదిలి రోడ్డు దాటి కాంప్లెక్సులోకి పోయాడు. బారువ వైపు బస్సు బయల్దేరడానికి ఉంది. కండక్టర్ని పట్టుకున్నాడు.

"సోమవారం, గురువారం మీ బస్సెక్కుతారు బాబూ, ఒక ఆవిడా, పెద్దాయనా. ఆయనకి కిడ్నీ. పొడుగు చేతుల చొక్కా."

కండక్టర్ టిక్కెట్ల మిషన్ లోంచి తలెత్తి జాలిగా చూశాడు. "ఏ ఊరు?"

సూరికి తెలీదు.

"పేరు?"

అదీ తెలీదు.

"ఉద్దానం బస్సు మావా ఇది" అన్నాడు కండక్టర్. "అలాటి సొక్కాలు ఎంతమంది ఏసుకుంటారో నీకు తెలుసా?"

బస్సు వెళ్ళిపోయింది. ఇన్ని వారాలు వడ్డించాడు, పేరడగలేదు. తిరిగొచ్చేసరికి ఈశ్వరరావు స్వయంగా సాంబారు బకెట్ పట్టుకుని, చొక్కా నిండా మరకలతో, అప్పలసూరి బల్లల మధ్య తిరుగుతున్నాడు. ఏమన్నాడో సూరి వినలేదు. చాలానే అన్నాడు.

మళ్ళీ సోమవారం. సూరి పదకొండున్నరకే మూల బల్ల తుడిచాడు, ఫ్యాను వేశాడు, కుర్చీల మీద తన తువ్వాలు, ఎవరిదో మర్చిపోయిన గొడుగు పెట్టాడు. పన్నెండుంపావుకి ఎవరూ రాలేదు. పన్నెండూ ఇరవైకి గుడ్డసంచీ కనపడింది. దాని వెనకాల పొడుగు చేతుల చొక్కా.

సూరి గబగబా ఎదురెళ్ళాడు. గొడుగు తీసేసి కుర్చీ లాగాడు. ఏం మాటాడాలో తెలీక, "పేరేటి బాబూ మీది?" అన్నాడు.

"కూర్మారావు" అన్నాడాయన. "దీని పేరు రత్నాలమ్మ. ఎందుకేటి?"

"ఊరికినే."

రత్నాలమ్మ కూర్చుని చెమట తుడుచుకుంది. సూరి అడక్కుండానే చెప్పింది. "బుధవారం గుండె దడ పట్టుకుంది. ఆటో కట్టించుకుని పరుగెట్టుకొచ్చేం. సమయానికి మిషన్ మీద ఎక్కించీసినారు. దాటిపోనాది. డాక్టరు నన్ను తిట్టినాడు, ఎవులు తాగించేరని. సెప్పనేదు నేను." ఆగి మొగుడికేసి చూసింది. "ఈయన తెలిసే తాగినాడు. నీ తప్పేటుంది?"

కూర్మారావు గోడకి తల ఆన్చి చిన్నగా నవ్వాడు. "మంచి కాయి" అన్నాడు.

"మీకేటి పెట్టను మరి?" అన్నాడు సూరి. "ఏటి పెడితే మంచిదో సెప్పమ్మా. అదే వండిస్తాను. ఉప్పు లేకుండానా, పప్పు లేకుండానా, ఎలాగంటే అలాగే."

"ఏటీ పెట్టకు తమ్ముడూ" అంది రత్నాలమ్మ. "మిషన్ దిగినాక ఈయన నిలబడలేడు, కళ్ళు తిరుగుతాయి. ఆస్పత్రిలో మంచం తరవాతోళ్ళకి ఇయ్యాల. బస్సు ఒంటిగంటా యాబైకి. అంతవరకూ ఫ్యాను కింద కూకోడానికి సోటు కావాల, అంతే. విస్తరి మడవకపోతే నీవు నెగమనవని మొదటి రోజే సూసినాను. అందుకే అలా తిన్నాను. లేకపోతే అంతసేపు తినడం నాకు మాత్రం సరదావేటి? పప్పు సల్లారిపోయి గొంతు దిగదు."

సూరి లోపలికెళ్ళి రెండు పచ్చి అడ్డాకు విస్తళ్ళు తెచ్చాడు. రత్నాలమ్మ విస్తరిలో వేడిగా అన్నం, పప్పు, వంకాయ కూర, జీడిపప్పు వేపుడు, అన్నీ వడ్డించి, "గబగబా తినీ అప్పా, సల్లారిపోతాది" అన్నాడు. కూర్మారావు ముందు రెండో విస్తరి పరిచి, నీళ్ళు చిలకరించి, చేత్తో తుడిచాడు.

దాంట్లో ఏమీ వెయ్యలేదు.

చెయ్యి ఊరుకోలేదు, నిజానికి. గరిటె రెండుసార్లు ఆ విస్తరి మీదకి పోయి వెనక్కి వచ్చింది. మనిషి ముందు ఖాళీ విస్తరి వదలడమంటే పగవాడికి కూడా చెయ్యని అవమానం. పెళ్ళిళ్ళలో దీనికే తలకాయలు పగిలాయి. సూరి పళ్ళు బిగించి బకెట్ తీసుకుని పక్క బల్లకి వెళ్ళిపోయాడు.

ఈశ్వరరావు కౌంటర్ నుంచి చూస్తూనే ఉన్నాడు. సూరి అటు వెళ్ళి, "మూల బల్ల రెండు భోజనాలు. రెండోది నా లెక్క. మూడింటికి నేను తినీది అక్కడ ఏసీయండి" అన్నాడు.

"నీకేటైనా అవుతార్రా?"

"ఏటీ అవరు."

ఒంటిగంటకి జనం గుమ్మం దాకా ఉన్నారు. రత్నాలమ్మ ఎప్పుడో తినేసి, విస్తరి మడిచి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆవిడ అంత త్వరగా తినగలదని సూరి ఎప్పుడూ అనుకోలేదు. కూర్మారావు తన విస్తరి ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఎవడో కుర్రాడు ఆయన వెనకాల నిలబడి తొంగి చూశాడు. విస్తరి మడవలేదు. ఇంకో బల్లకి పోయాడు.

ఒంటిగంటన్నరకి ఈశ్వరరావు లేచి వచ్చాడు. బల్ల దగ్గర ఆగాడు. ఆకుపచ్చగా, తళతళలాడుతూ ఉన్న విస్తరి చూశాడు. నీటి చుక్కలు కూడా ఆరిపోయాయి.

"సూరీ. ఏటిది?"

"తింటన్నాడు బాబూ" అన్నాడు సూరి, చారు పోస్తూనే. "నిదానంగా తింటన్నాడు."

"ఏటి తింటన్నాడు?"

రత్నాలమ్మ మొగుడి చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచింది. ఈశ్వరరావు ఆ పట్టీలు చూశాడు. మెడ గోక్కున్నాడు. తను రాయించిన బోర్డుకేసి ఒకసారి చూశాడు, అందులో ఈ సంగతి ఎక్కడైనా ఉందేమో అన్నట్టు. లేదు.

"ఎంతసేపు తింటాడు?"

"బస్సొచ్చే వరకు."

ఈశ్వరరావు ఇంకేదో అనబోయి, అనకుండా కౌంటర్‌కి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నట్టో, సాయంత్రం మాటాడతానన్నట్టో సూరికి తెలియలేదు.

ఒంటిగంటా నలభైకి రత్నాలమ్మ మొగుడి భుజం తట్టింది. కూర్మారావు కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో గుర్తు తెచ్చుకుని, ముందున్న విస్తరి చూశాడు. రెండు చేతులతో దాన్ని తన వైపుకి మడిచాడు. కడుపు నిండా తిన్నవాడు మడిచినట్టు, అంచులు కలిపి, పైన అరచేత్తో నొక్కి.

"వత్తాం బాబూ" అన్నాడు. "గురువారం."

మూడింటికి పనివాళ్ళు భోజనాలకి కూర్చున్నారు. సూరి మూల బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. కూర్మారావుకి వడ్డించని భోజనం ఎలాగూ మిగిలే ఉంది, తినమని ఈశ్వరరావే లోపలికి కబురు పెట్టాడు. మడిచిన విస్తరి ఇంకా బల్ల మీదే ఉంది. ఒకరి ముందు వేసిన విస్తరి, ఆయన ఒక్క మెతుకూ ముట్టలేదు. అది ఎంగిలవుతుందో అవదో సూరికి ఎంత ఆలోచించినా తేలలేదు. వాళ్ళమ్మ ఉంటే అడిగేవాడు. చివరికి దాన్నే విప్పి, నీళ్ళు చిలకరించి, అన్నం పెట్టుకున్నాడు.